గంటకు ఎన్ని లీటర్లు? నోటి మాట కాదు, కొలత కావాలి

పప్పుశెనగ అదను అక్టోబరులో వస్తుంది. కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో పదును ఆరకముందే దుక్కి, విత్తనం రెండూ ముగియాలి. ఆ పది పదిహేను రోజుల్లో ట్రాక్టరు దొరకడమే గగనం. దొరికినా బాడుగ బేరం ఊరికో తీరుగా ఉంటున్నది. ఎకరాకు ఇంత అనేది ఒకటి, గంటకు ఇంత అనేది మరొకటి. "బండి మాది, ఆయిల్ మీది" అనేది మూడవది. ఈ మూడవ బేరంలోనే సన్నకారు రైతుకు తెలియకుండా చేతి చమురు వదులుతున్నది.

కారణం సులభమే. నాజిళ్లు అరిగి, ఎయిర్ క్లీనర్ దుమ్ముతో పూడి, నల్లపొగ కక్కే బండి మామూలు కంటే ఎక్కువ తాగుతుంది. ఆ నల్లపొగ కాలకుండా బయటికి పోతున్న డీజిలే. బండి తన సొంత ఖర్చుతో తిరిగితే యజమాని వారంలో మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతాడు. ఆయిల్ రైతుది అయినప్పుడు ఆ తొందర ఉండదు. జబ్బు ఒకరిది, మందు ఖర్చు ఇంకొకరిది. యజమానులందరూ ఇట్లాంటివారని కాదు. బండిని బిడ్డలా చూసుకునేవారు ప్రతి ఊర్లోనూ ఉన్నారు. కాని ఎవరి బండి ఏ పాటిదో కొలిచి చూడనిదే తెలియదు.

డీజిల్ ధరపై కేంద్రం నియంత్రణ 2014 అక్టోబరులో పోయింది. ఇప్పుడు మన జిల్లాల్లో లీటరు వంద రూపాయలకు చేరువలో ఉన్నది. కర్ణాటకలో కొంత చౌక అని ఆదోని, ఆలూరు వైపు రైతులు సరిహద్దు దాటి డబ్బాలతో తెచ్చుకుంటున్నారు. డబ్బాలో నీరు, మడ్డి చేరితే మిగిలిన డబ్బు నాజిళ్ల రిపేరుకే పోతుందని వారు గమనించాలి.

ఇక లెక్క. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజను పూర్తి లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు పావు లీటరు తీసుకుంటుంది. 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజనుకు గంటకు లీటరుంబావు, 45 హార్స్‌పవర్ ట్రాక్టరుకు పదకొండు లీటర్లకు కాస్త పైన. ఐతే ట్రాక్టరు రోజంతా పూర్తి లోడు మీద పనిచేయదు. దుక్కి, రొటావేటర్ పనుల్లో సాధారణంగా 4 నుంచి 7 లీటర్లు. ట్రాలీ తోలేటప్పుడు ఇంకా తక్కువ. కాబట్టి ఒట్టి కల్టివేటర్ తోలినందుకు గంటకు తొమ్మిది లీటర్లని చెబితే నమ్మకముందు ట్యాంకు చూడాలి.

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. బండిని సమతలం మీద నిలిపి ట్యాంకు గొంతు వరకు నింపాలి. గడియారం చూసి పని మొదలుపెట్టాలి. పని ముగిశాక అదే చోట నిలిపి, అదే గొంతు వరకు లీటరు కొలతతో తిరిగి నింపాలి. పట్టిన లీటర్లను గంటలతో భాగిస్తే ఒక లెక్క, ఎకరాలతో భాగిస్తే మరో లెక్క. రెండవదే అసలైనది. గంటకు తక్కువ తాగుతూ నెమ్మదిగా నడిచే బండి చివరికి ఎకరాకు ఎక్కువే తాగవచ్చు.

గంటల మీటరు సంగతి చాలామందికి తెలియదు. పాత ట్రాక్టర్లలో కేబులుతో నడిచే మీటరు గడియారం కాదు. అది ఇంజను తిరిగిన చుట్లను లెక్కిస్తుంది. ఇంజను నిర్ణీత వేగంలో ఉంటేనే మీటరు గంట, గడియారం గంట ఒకటౌతాయి. నెమ్మదిగా తిరిగితే మీటరు వెనుకబడుతుంది. ఒకరు మీటరు చూసి, ఇంకొకరు చేతి గడియారం చూసి తగువులాడితే ఇద్దరూ నిజమే చెబుతున్నట్లు. బేరమప్పుడే ఏ గంటో తేల్చుకోవాలి.

బోర్లకు 2004 నుంచి ఉచిత విద్యుత్తు రావడంతో ఆయిల్ ఇంజన్ల వాడకం తగ్గిన మాట నిజమే. అయినా కుందూ ఒడ్డున, కె.సి. కాలువ చివరి భూముల్లో అవి ఇంకా మోగుతున్నవి. ఎకరాకు రెండంగుళాల తడి అంటే రెండు లక్షల లీటర్ల నీరు. పంపు సెకనుకు 10 లీటర్లు పోస్తే అయిదున్నర గంటలు పడుతుంది. మొత్తం ఎత్తు 10 మీటర్లయితే, పంపు సగం శక్తిని వృథా చేసినా మూడు హార్స్‌పవర్ లోపే సరిపోతుంది. తడికి 4 నుంచి 5న్నర లీటర్ల డీజిల్ చాలు. ఎనిమిది పోతుంటే ఇంజనుతో పాటు ఫుట్‌వాల్వును, సన్నటి పైపును, వంపులను కూడా అనుమానించాలి. కుందూ నీటిమట్టం దిగితే ఖర్చు పెరగడం మాత్రం ఎవరి తప్పూ కాదు.

మరొక పొరపాటు అలవాటు ఉన్నది. ఇంజను చల్లగా ఉండాలని చన్నీరు ధారగా వదులుతుంటారు. మరీ చల్లబడిన ఇంజను ఎక్కువే తాగుతుంది. బయటికి వచ్చే నీటిలో చెయ్యి ఎక్కువసేపు ఉంచలేనంత వేడి ఉండాలి. పైపు జాయింటు వద్ద సెకనుకు ఒక చుక్క కారితే ఏడాదికి 2000 లీటర్లకు పైగా నష్టమని పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం (పి.సి.ఆర్.ఎ.) చెబుతుంది. అన్ని లీటర్లు ఏనాడూ మన ట్యాంకుల్లో ఉండవనుకోండి, అయినా కారేది కారేదే.

ప్రభుత్వం వద్ద కొలతలు లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి, ఏ మోడలు గంటకు ఎన్ని లీటర్లు తీసుకుంటుందో నివేదిక ఇస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ 1983లో ఏర్పడిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఆ ఇంగ్లీషు నివేదికలు మన రైతు దాకా రావడం లేదు. మండలంలో తిరిగే మోడళ్ల లీటర్ల లెక్కను తెలుగులో ఒక పట్టికగా రాసి రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. దానితో పాటు ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలత పాత్ర ఒకటి కేంద్రంలో ఉంచాలి. వ్యవసాయ శాఖ అధికారులు ఈ రెండు పనులు వచ్చే పప్పుశెనగ దుక్కులకు ముందే చేయించాలి. నవంబరులో చేస్తే ఆ ఏటికి ఎవరికీ అక్కరకు రాదు.