నవ్వించినవాడు రాస్తే చులకనా?

సినిమా నటుడు నవల రాశాడంటే మనకు ముందు కలిగేది అనుమానమే. పేరు ఆయనది, రాత ఇంకెవరిదో అనుకుంటాం. అందులోనూ హాస్యనటుడైతే పుస్తకం తెరవకముందే చులకన. ఈ చులకనకు అన్యాయంగా గురైనవారిలో అమెరికన్ నటుడు జీన్ వైల్డర్ ఒకరు. 'విల్లీ వాంకా అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ'లో ఊదారంగు కోటు వేసుకున్న వాంకాగా పిల్లలందరికీ ఆయన తెలుసు. డెబ్బై దాటాక ఆయన రాసిన నవలలను మాత్రం చాలామంది విశ్రాంత నటుడి కాలక్షేపంగా జమకట్టేశారు. నిజానికి ఆయన కలం పట్టింది అప్పుడు కాదు, అంతకు చాలాముందే.

అసలు పేరు జెరోమ్ సిల్బర్‌మన్. 1933లో మిల్వాకీలో పుట్టారు. ఆయనకు ఎనిమిదేళ్ల వయసులో తల్లి గుండెజబ్బు పాలైంది. అమ్మకు కోపం తెప్పించకు, వీలైతే నవ్వించు అని డాక్టరు ఆ పసివాడికి చెప్పారు. రకరకాల యాసల్లో మాట్లాడి తల్లిని నవ్వించడమే అతని తొలి నటన. పెద్దయ్యాక రంగస్థలం కోసం పేరు మార్చుకోవాల్సివస్తే సాహిత్యాన్నే ఆశ్రయించారు. థామస్ వుల్ఫ్ నవలలోని యూజీన్ నుంచి 'జీన్', నాటక రచయిత థార్న్‌టన్ వైల్డర్ నుంచి 'వైల్డర్' తీసుకున్నారు.

1971 నాటి వాంకా పాత్రకు ఒప్పుకునే ముందు ఆయన దర్శకుడు మెల్ స్టువర్ట్‌కు ఒక షరతు పెట్టారు. వాంకా మొదటిసారి జనం ముందుకు వచ్చేటప్పుడు చేతికర్ర ఊతంతో కుంటుతూ నడవాలి. చూసేవాళ్లు జాలితో నిశ్శబ్దమైపోవాలి. కర్ర రాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడిపోతే, అతను అది గమనించకుండా నాలుగడుగులు వేసి, తూలి, ముందుకు పడబోతూ పిల్లిమొగ్గ వేసి లేచి నిలబడాలి. ఎందుకంటే, ఆ క్షణం నుంచి ఈ మనిషి చెప్పేదాంట్లో ఏది నిజమో ఏది అబద్ధమో ఎవరికీ తెలియదు! ఒక్క చేష్టతో సినిమా మొత్తానికీ పాత్ర స్వభావం తేల్చిపారేసిన ఈ ఆలోచన నటుడికి వచ్చిందనడం కన్నా రచయితకు వచ్చిందనడమే సబబు.

మరో మూడేళ్లకు 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'. ఆ కథ వైల్డర్ బుర్రలో పుట్టిందే. మెల్ బ్రూక్స్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. దర్శకుడైన బ్రూక్స్ తెరమీద కనిపించకూడదన్నది వైల్డర్ పట్టు. రాక్షసుడు కోటూ టోపీతో పాటకు నాట్యం చేసే సన్నివేశం మరీ వెకిలిగా ఉంటుందని బ్రూక్స్ తీసేయమంటే, ముఖం ఎర్రబడేదాకా వాదించి నిలబెట్టుకున్నారు. ఇవాళ ఆ సినిమా అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఆ సన్నివేశమే. ఆ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ కూడా పొందింది. 'ది ప్రొడ్యూసర్స్'లో నటనకు అంతకుముందే ఒక నామినేషన్ ఉంది.

1989లో ఆయన భార్య, హాస్యనటి గిల్డా రాడ్నర్ అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. నెలల తరబడి డాక్టర్లు జబ్బును పోల్చుకోలేకపోయారు; ఆమె బంధువుల్లోనూ ఆ క్యాన్సర్ ఉందన్న సంగతి ఎవరూ ముందే పట్టించుకోలేదు. వైల్డర్ ఆ దుఃఖంతో ఊరుకోలేదు. అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడారు. 1998లో ఒక క్యాన్సర్ వైద్యుడితో కలిసి 'గిల్డాస్ డిసీజ్' అనే పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది ఆయనకే లింఫోమా అనే క్యాన్సర్ బయటపడింది. కోలుకున్నాక 2005లో ఆత్మకథ, 2007లో తొలి నవల వచ్చాయి.

ఆ నవల 'మై ఫ్రెంచ్ హోర్'. మొదటి ప్రపంచయుద్ధ కాలం. మిల్వాకీ రైల్వేలో పనిచేస్తూ సరదాగా నాటకాలాడే బిడియస్తుడు సైన్యంలో చేరి జర్మన్లకు చిక్కుతాడు. ప్రాణం కాపాడుకోవడానికి ఒక పేరుమోసిన జర్మన్ గూఢచారినని నమ్మబలుకుతాడు. అక్కణ్నుంచి ప్రతి పూటా నటనే. అమ్మను బతికించుకోవాలని నటన మొదలుపెట్టిన పిల్లవాడు ఈ కథలో లేడని ఎవరైనా అనగలరా? తర్వాతి నవల 'ది ఉమన్ హూ వుడెంట్'లో మనసు చెదిరిన వయొలిన్ కళాకారుడికి జర్మనీలోని ఒక ఆరోగ్యకేంద్రంలో రచయిత చెహోవ్ తారసపడతాడు. ఇవి మహానవలలని వాదించను. కథ కొన్నిచోట్ల మరీ తేలిగ్గా దారికొస్తుంది. కానీ వాక్యం పొట్టిది, పొల్లు మాట ఉండదు, మనిషి మీద ప్రేమ నిండుగా ఉంటుంది. ఆ చదివించే గుణానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నదే నా బాధ. 2016లో ఆయన పోయినప్పుడు కూడా నివాళులన్నీ వాంకా చుట్టూనే తిరిగాయి.

మన దగ్గరా ఇదే తీరు. రావి కొండలరావు వందల సినిమాల్లో నవ్వించారు, 'విజయచిత్ర' పత్రికను ఏళ్లపాటు నడిపారు, 'పెళ్ళిపుస్తకం'కు కథ ఇచ్చారు, 'బ్లాక్ అండ్ వైట్' వంటి పుస్తకాల్లో పాత సినిమా మనుషుల్ని మళ్లీ మన మధ్యకు తెచ్చారు. ఆయన వచనం మీద గట్టి విమర్శ వ్యాసాలు ఎన్ని వచ్చాయి? అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం 2023లో ఆత్మకథ వెలువరిస్తే, ఏ స్టారు చేతికి ఆ పుస్తకం అందిందన్న వార్తకే హడావుడి జరిగింది. తెలుగు మాస్టారుగా పనిచేసిన మనిషి తన బతుకును ఏ భాషలో, ఏ వరసలో చెప్పుకున్నాడన్నది కదా పాఠకుడికి కావాల్సింది! మన పత్రికల ఆదివారం సమీక్షల పేజీలో కవుల, నాయకుల ఆత్మకథల పక్కన వీటికీ రెండు కాలమ్‌లు కేటాయించాలి. సమీక్ష రాసేవాళ్లు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టకుండా, బాగాలేనిచోట బాగాలేదని కూడా రాయాలి.