తల్లీబిడ్డలకు ఒకే వాచకం

బిడ్డ ప్రగతి పత్రంపై తల్లి వేలిముద్ర వేస్తుంది. మార్కుల విషయంలో బిడ్డ చెప్పిందే ఆమెకు ప్రమాణం. (మార్కులు తగ్గిన పిల్లలకు ఇది అనుకూలమే!) 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 59 శాతమే. రాత్రిబడులు పెట్టినా, పగలంతా కూలికి పోయి వచ్చిన తల్లి తన బిడ్డను ఎవరికి అప్పగించి వెళ్తుంది? కనుక ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకే వాచకంతో చదువు చెప్పడం మేలని నా అభిప్రాయం. బిడ్డ ముందు తప్పు చదవడానికి తల్లి సిగ్గుపడవచ్చు. ఆ సంకోచాన్ని పోగొట్టే నేర్పు ఉపాధ్యాయునికి ఉండాలి.

వాచకం ఎటువంటిదన్నది అంతకన్న ముఖ్యం. 1990వ దశకం తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా కేంద్రంలో చదివిన పాఠం సారా వ్యతిరేకోద్యమానికి ప్రేరణ అయింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ పాఠంలో ఉన్నది వారి ఇళ్లలోని కష్టమే. తల్లీబిడ్డల వాచకంలోనూ కూలి లెక్క, మందుసీసా మీది చీటీ ఉండాలి. కాకి కథలు మాత్రమే చాలవు.