సూదిమందుపై నమ్మకము, వైద్యునిపై సంశయము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపట్ల పల్లెలలో జ్వరపడినవారు మొదట కబురంపునది పట్టము పొందిన వైద్యునికి కాదు. ఊరిలోనే కాపురముండి, అర్ధరాత్రి పిలిచినను ఇంటికి వచ్చి, డబ్బు కొరకు పంట చేతికందువరకు ఓపికపట్టు, పట్టము లేని ఆర్‌ఎంపీ డాక్టరుకు. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసిన పిమ్మటను ఈ అలవాటు పోలేదు. దీనిని మౌఢ్యమని త్రోసిపుచ్చుట అన్యాయము.

అట్లని ఆ వైద్యము నిరపాయమైనది కాదు. నీరసమనగానే ఎక్కించు అర లీటరు గ్లూకోజు సీసాలో సాధారణముగా నుండునది 25 గ్రాముల చక్కెర మాత్రమే. దానిని నోటితోనే త్రాగవచ్చును. జలుబునకు యాంటీబయాటిక్, ఒళ్లునొప్పులకు స్టెరాయిడ్ ఇచ్చుట అంతకన్న ఘోరము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనకు నాయకత్వము వహించుచుండగా 1948లో లోకమునకందిన ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ కోవకు చెందిన మందులను, వైరస్ జ్వరములకు వృథాగా వాడి, సూక్ష్మజీవులకు వానిని తట్టుకొను శక్తిని మనమే నేర్పుచున్నాము.

అయినను పెద్ద ఆసుపత్రి యన్న జనులకేల బెదురు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతతో జరిగినవి. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. ముహూర్తము చూపి కోతకు తొందరపెట్టు కుటుంబములకును ఇందులో పాలు కలదు, నిజమే. కాని ప్రసవవేదన పడుచున్న కూతురి ప్రక్కన నిలిచి సంతకము పెట్టు తల్లికి, ఆ కోత ప్రాణరక్షణకా, రాబడికా యని తెలియగల మార్గమేది? ఆ సంశయమే స్కానింగుపైనను, రక్తపరీక్షపైనను, తుదకు నిజముగా అవసరమైన శస్త్రచికిత్సపైనను వ్యాపించుచున్నది. అనర్హవైద్యమును శిక్షించు చట్టమున్నది, ఉండవలసినదే. కాని దాడులు జరిపి గ్రామమందలి ఆర్‌ఎంపీ గదిని మూయించినంతమాత్రమున, అక్కడ దొరకిన ఆదరము ప్రభుత్వ దవాఖానా వరుసలో దొరకదు.

కనుక వైద్య కళాశాలలోని విద్యార్థులను పల్లెలలోని ఆరోగ్య ఉపకేంద్రములకు పంపి రోగి మాట వినుట నేర్పవలెను. కోతతో జరిగిన ప్రతి కాన్పునకును కారణమును స్పష్టమైన తెలుగులో వ్రాసి ఇంటివారి చేతికీయవలెను. ఆసుపత్రివారీగా కోత కాన్పుల లెక్కలను జిల్లా అధికారులు ఏటేట ప్రకటింపవలెను.