వాన్స్ తిప్పని పేజీ

ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆపైన ఊరు, దేశం. మిగతా ప్రపంచం సంగతి ఆఖర్న. 2025 జనవరి నెలాఖరులో అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఫాక్స్ న్యూస్‌లో ప్రేమకు ఈ వరస చెప్పారు. ఇదంతా పాతకాలపు క్రైస్తవ భావనేనన్నారు. ఆక్షేపించినవాళ్ళను ‘ఓర్డో అమోరిస్’ అని గూగుల్‌లో కొట్టి చూసుకోమన్నారు. అప్పటికే వలసదారులను పెద్దఎత్తున దేశం దాటించే పని మొదలైంది కాబట్టి, ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు.

వాన్స్ పుట్టు కథోలికుడు కాదు. 2019లో జ్ఞానస్నానం తీసుకున్నారు. మన పత్రికలు ‘ఆంధ్రా అల్లుడు’ అని మురిసిపోయింది ఈయన గురించే. అత్తమామలు చిలుకూరి దంపతులు ఆంధ్ర నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్ళినవాళ్ళు.

కొత్తగా మతం పుచ్చుకున్న ఈ భక్తుడికి జవాబు రోమ్ నుంచే వచ్చింది. ఫిబ్రవరి 10న పోప్ ఫ్రాన్సిస్ అమెరికా మేత్రాణులకు లేఖ రాశారు. వాన్స్ పేరెత్తలేదు గానీ, క్రైస్తవ ప్రేమ మన దగ్గర మొదలై కొంచెం కొంచెంగా బయటికి పాకే వ్యవహారం కాదని, దాని అసలు క్రమం తెలియాలంటే మంచి సమరయుడి కథ చదవాలని చెప్పారు. దారిదోపిడీలో కొనప్రాణంతో పడి ఉన్నవాణ్ణి సొంత మతం పూజారి చూసీ చూడనట్టు పోతే, గిట్టని జాతివాడు ఆగి గాయాలు కట్టిన కథ అది.

న్యాయంగా చెప్పాలంటే వాన్స్ ఆ వరసను సొంతంగా కల్పించలేదు. 13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ రాసిన ‘సుమ్మా థియోలాజికే’లో ప్రేమ క్రమం మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంది. కన్నవాళ్ళకు ఎలా రుణపడి ఉంటామో పుట్టిన నేలకూ అలాగే రుణపడి ఉంటామని, ఆ రుణం తీర్చుకోవడం సద్గుణమని కూడా ఆయన రాశారు. దేశభక్తిని కథోలిక సంఘం పాపమనలేదు, అనుమానంగానూ చూడలేదు. చిక్కల్లా తర్వాతి పేజీల్లో ఉంది. ఎవరికి ముందు సాయపడాలి అన్న ప్రశ్న దగ్గర అక్వినాస్ ఆగి, ప్రాణం మీదికి వచ్చిన పరాయివాణ్ణి, అంత అవసరంలో లేని కన్నతండ్రి కంటే ముందు ఆదుకోవలసిన సందర్భాలు ఉన్నాయని తేల్చేశారు. ఆయన చెప్పిన వరస రేషన్ షాపు ముందు క్యూ కాదు, వెనకవాడు ఎంత అల్లాడినా ముందుకు రానివ్వకపోవడానికి. వాన్స్ తిప్పని పేజీ ఇదే.

కథోలిక సత్యోపదేశం 2241వ పేరా దీన్నే పాలనకు అన్వయించింది. భద్రతనూ బతుకుతెరువునూ వెతుక్కుంటూ వచ్చే విదేశీయుణ్ణి సంపన్న దేశాలు తమ శక్తి మేరకు ఆదరించాలి. ఆ రాకకు చట్టపరమైన షరతులు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఉంది. వచ్చినవాడు ఆ దేశ చట్టాలకు లోబడాలి. సరిహద్దులు బార్లా తెరవమని ఇందులో ఎక్కడా లేదు. పోప్ లేఖ మీద ‘వాటికన్ చుట్టూ గోడ లేదా?’ అని ఎద్దేవా చేసిన టామ్ హోమన్ పుట్టుకతో కథోలికుడు, ట్రంప్ సరిహద్దు వ్యవహారాలు చూసేదీ ఆయనే. ఈ పేరా ఆయనకు కొత్తదై ఉండదు.

అమెరికా కథోలికులకు ఈ పాఠం పుస్తకాల్లో వెతుక్కునే అవసరం లేదు. 1844 మేలో ఫిలడెల్ఫియాలో ‘మేమే అసలు అమెరికన్లం’ అనే మూకలు ఐరిష్ వలసదారుల ఇళ్ళ మీద పడ్డాయి. ప్రభుత్వ బడిలో కథోలిక పిల్లలు తమ బైబిలునే చదువుకునేలా చూడమని అక్కడి మేత్రాణులు అడగడం ఈ గొడవ రాజుకోవడానికి కారణం. ఐరిష్‌వాళ్ళు పోపు మనుషులని, ఈ దేశానికి విధేయులు కాలేరని ప్రచారం. సెయింట్ మైకేల్ గుడి, సెయింట్ అగస్టీన్ గుడి తగలబడ్డాయి. అగస్టీన్ గుడి గోపురంలో ఉన్నది మామూలు గంట కాదు. స్వాతంత్ర్యానికి గుర్తుగా అమెరికా కొలిచే లిబర్టీ బెల్ పగిలినప్పుడు దాని బదులుగా ఇంగ్లండ్ నుంచి తెప్పించిన జంట గంట. దేశభక్తులమని చెప్పుకున్నవాళ్ళు పెట్టిన మంటలో అదీ పోయింది. ఆ లోహంతో మళ్ళీ పోతపోసిన గంట ఇప్పుడు విలనోవా విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ గుడీ ఆ విద్యాలయమూ అగస్టీనియన్ సభవారివే. 1977లో అక్కడ గణితంలో పట్టా పుచ్చుకుని, అదే సభలో చేరిన షికాగో కుర్రాడే నేటి పోప్ లియో.

అనుమానం ఆ తర్వాతా వదల్లేదు. పోపు తనకు ఆదేశాలు ఇవ్వరని 1960లో జాన్ కెనెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టంటు బోధకుల ముందు నిలబడి చెప్పుకోవలసి వచ్చింది. అలాంటి సంజాయిషీ ఇచ్చుకున్నవాళ్ళ మనవలు ఇవాళ ఎదుటివాణ్ణి కాగితాలు చూపమంటున్నారు. 2024 ఎన్నికల్లో కథోలికుల్లో సగానికి పైగా ట్రంప్‌కే ఓటేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. తెల్లవాళ్ళలో ఆ వాటా ఇంకా ఎక్కువ.

ఇక 2025లో జరిగినవి చూడండి. గుళ్ళూ బళ్ళ దగ్గర అరెస్టులు వద్దన్న పాత నియమాన్ని ప్రభుత్వం జనవరిలోనే ఎత్తేసింది. జులైలో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో మేత్రాణులు అల్బెర్టో రోహాస్ ఒక ఉత్తర్వు ఇచ్చారు: అరెస్టు భయం ఉన్నవాళ్ళు ఆదివారం పూజకు రాకపోయినా దోషం లేదని. కరోనా కాలంలో రోగానికి భయపడి ఇలాంటి మినహాయింపు ఇచ్చారు. ఇప్పుడు ఇచ్చింది సర్కారుకు భయపడి. షికాగో శివారు బ్రాడ్‌వ్యూ నిర్బంధ కేంద్రానికి భక్తులు దివ్యసత్ప్రసాదంతో ఊరేగింపుగా వెళ్ళి, లోపలున్నవాళ్ళకు అందిస్తామంటే అధికారులు రానివ్వలేదు. నవంబరు 1న మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే జవాబు. దొంగలకూ హంతకులకూ జైల్లో దొరికే సత్ప్రసాదం వీళ్ళకు దొరకలేదు!

శాన్ డియేగోలో మరో దృశ్యం. వాన్స్ భార్య ఉష పుట్టి పెరిగిన ప్రాంతమది. జూన్ 20న, ప్రపంచ శరణార్థుల దినం నాడు, మేత్రాణులు మైకేల్ ఫామ్ ఇతర మతపెద్దలను వెంటబెట్టుకుని ఇమిగ్రేషన్ కోర్టుకు వెళ్ళారు. వాయిదాకు వచ్చినవాళ్ళను అక్కడే పట్టుకుపోవడానికి కాచుకుని ఉన్న ఏజెంట్లు వీళ్ళను చూసి జారుకున్నారు. ఫామ్ వియత్నాం నుంచి పిల్లవాడిగా పడవలో పారిపోయి వచ్చినవారు. 2025లో వాషింగ్టన్ సహాయ మేత్రాణులుగా ఉన్న ఎవెలియో మెన్హీవార్ అయితే ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి, 1990లో కారు డిక్కీలో నక్కి సరిహద్దు దాటారు. నేటి లెక్కల్లో ఆయన ముందుగా పట్టి పంపించాల్సిన మనిషి.

నవంబరులో బాల్టిమోర్ సమావేశంలో మేత్రాణులు నోరు విప్పారు. విచక్షణ లేని సామూహిక బహిష్కరణను వ్యతిరేకిస్తూ 216-5 ఓట్లతో ప్రత్యేక సందేశం ఇచ్చారు. అలాంటి సందేశం ఇచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. ఎవరు, ఎప్పుడు, ఎలా రావాలో తేల్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందంటూనే పోప్ లియో దాన్ని బలపరిచారు. మంచిదే, కానీ ఆలస్యమైంది. గర్భస్రావం మీద ప్రతి ఎన్నికల్లోనూ గట్టిగా మాట్లాడిన గొంతులు వలస దగ్గరికి వచ్చేసరికి చాలాకాలం సన్నగిల్లాయి. శరణార్థుల పేరుతో సర్కారు సొమ్ము మీద కన్నేశారని వాన్స్ నిందిస్తే, వచ్చిన దానికంటే ఎక్కువే ఖర్చుపెట్టామని లెక్క చెప్పుకోవడంతోనే సగం శక్తి పోయింది.

ఈ గొడవ మనకు దూరపు చుట్టం కూడా కాదు. గురువుల కొరత తీవ్రంగా ఉన్న అమెరికా విచారణల్లో (పారిష్‌లలో) కడప, గుంటూరు, నెల్లూరు వైపు నుంచి వెళ్ళిన ఫాదర్లు పూజలు చెబుతున్నారు. వాళ్ళ ఆర్-1 వీసా అయిదేళ్ళకు మించదు. 2023లో నిబంధన అన్వయం మారడంతో గ్రీన్‌కార్డు వరస చాంతాడంత అయింది. న్యూజెర్సీలోని ప్యాటర్సన్ మేత్రాసనం 2024లో ప్రభుత్వం మీద దావా వేసేదాకా పోయింది. 2025 ఏప్రిల్‌లో ఇలాంటి గురువులను దేశంలోనే ఉంచే బిల్లు ఒకటి సెనేట్‌కు వచ్చింది. తెచ్చింది డెమోక్రాట్ టిమ్ కెయిన్, రిపబ్లికన్లు సుసాన్ కాలిన్స్, జిమ్ రిష్. ముగ్గురూ కథోలికులే. ఫాదరు గారి వీసా కోసం పార్టీలు మరచి కలిసినవాళ్ళు, అదే పూజకు వచ్చి వెనక బల్ల మీద కూర్చునే తోటపనివాడి కోసం కలుస్తారా? బాల్టిమోర్ సందేశం పట్టుకుని మేత్రాణులు ముందుగా తట్టవలసిన తలుపులు ఈ మూడే.