రష్యన్‌కి స్కోపుందా?

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే మా ప్రాజెక్టులో సీనియర్ ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నారు. మొహం చూస్తే ప్రొడక్షన్ సర్వర్ పడుకున్నట్టుంది. విషయం ఏంటంటే, వాళ్ళమ్మాయికి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగు వద్దు, ఇఫ్లూలో బీయే రష్యన్ చదువుతానని మొండిపట్టు పట్టిందిట. "నీ మాటంటే పిల్లలు వింటారయ్యా. ఓసారి ఇంటికొచ్చి నచ్చజెప్పు. అసలు రష్యన్‌కి స్కోపేముందీ?" అన్నారు.

ఆ "స్కోపు" అన్న మాట వినగానే నాకు టీ గొంతుకి అడ్డం పడింది. ఎందుకంటే అచ్చంగా ఇదే మాట 2019లో నేనూ అన్నాను. మా బాబాయి కూతురితో అన్నాను.

అప్పుడు తనకీ ఇదే పరిస్థితి. ఎంసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు, ఇంకోపక్క బీయే రష్యన్‌లో సీటు. తాతయ్య బీరువా నిండా విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలుండేవి. దళసరి కాయితం, రంగురంగుల బొమ్మలు. చిన్నప్పుడు వాటిని చదివి చదివి ఈ పిల్లకి ఆ పిచ్చి పట్టింది. పిన్ని, బాబాయి ఎటూ తేల్చుకోలేక నన్ను పిలిచారు. అప్పటికి నాకు ఉద్యోగమొచ్చి ఏడాది. అంటే సర్వజ్ఞుణ్ణన్నమాట :) కాయితం మీద రెండు గళ్ళు గీసి, ఓ పక్క కంప్యూటర్ సైన్సు, ఇంకో పక్క రష్యన్ అని రాసి, ప్యాకేజీలు, ఆన్‌సైట్‌లు, పెళ్ళి సంబంధాలు అన్నీ లెక్కగట్టి చూపించాను. తను ఓ పది నిమిషాలు విని, "సరే అన్నయ్యా" అంది. అంతే. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేనూ అనుకోలేదు. నా వాదనకి బలం ఉందనుకున్నా గానీ, తనకి ఇంట్లో ఎవరి అండా లేదని నాకు తట్టలేదు.

సరే, నా లెక్క ఏమైంది? తను 2023లో ఇంజినీరింగ్ పూర్తి చేసింది. క్యాంపస్‌లో ఆఫరొచ్చింది. జాయినింగ్ డేటు మాత్రం రాలేదు. తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చుని మెయిల్ రిఫ్రెష్ చేసుకుంటూ ఉంది. చివరికి వచ్చింది, చేరింది, ఇప్పుడు టెస్టింగ్‌లో ఉంది. చెడ్డ ఉద్యోగమేం కాదు. నేను గీసిన గళ్ళలో మాత్రం ఆ తొమ్మిది నెలలు లేవు.

అలాగని రష్యన్ చదివుంటే బ్రహ్మాండంగా ఉండేదని చెప్పను. మూడేళ్ళ బీయే అయితే సరిగ్గా 2022లో బయటికొచ్చేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు రష్యాలో దుకాణాలు కట్టేశాయి. బ్యాంకు లావాదేవీలకి చిక్కులొచ్చాయి. ఇంకోవైపు, అప్పటిదాకా రష్యా నించి నామమాత్రంగా ముడిచమురు కొనే మన దేశం ఒక్కసారిగా పెద్ద ఎత్తున కొనడం మొదలుపెట్టింది. అంతకు ముందేడాది, 2021 మే 1న, స్పుత్నిక్ టీకా మొదటి విడత దిగింది మన హైదరాబాదులోనే. ఇవేవీ 2019లో నాకు తెలీవు, ఎవరికీ తెలీవు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏం చదవాలో నాలుగేళ్ళ తర్వాతి మార్కెట్‌ని బట్టి చెప్పడమంటే, రిక్వైర్‌మెంట్లు రాకముందే ఎస్టిమేట్ ఇచ్చినట్టు. ఆ పని మనం రోజూ చేస్తూనే ఉంటాం కాబట్టి అందులో తప్పేంటో మనకి కనపడదు.

ఇంతకీ అసలు సంగతి ఇది కాదు. 2020 లాక్‌డౌన్‌లో తను సొంతంగా రష్యన్ మొదలుపెట్టింది. పొద్దున్నే ఐదున్నరకి లేచి, ఆఫీసు పనికి ముందు ఓ గంట. మొన్న సంక్రాంతికి ఊళ్ళో డాబా మీద కూర్చున్నప్పుడు, "అంత కష్టమైన భాష ఎలా నేర్చుకుంటున్నావే?" అనడిగా. "కష్టం ఎవరికన్నయ్యా?" అంది.

తర్వాత తను చెప్పినవి విని నాకు బుర్ర తిరిగింది. "నాకు చలిగా ఉంది" అన్న మాట చూడండి. ఇంగ్లీషులో అది "ఐ యామ్ కోల్డ్". చలి వేసినవాడే కర్త. రష్యన్‌లో "మ్న్యే ఖోలద్న". మ్న్యే అంటే నాకు, ఖోలద్న అంటే చలిగా. "నాకు ఇరవై ఏళ్ళు" అనాలంటే "మ్న్యే ద్వాద్సత్ ల్యెత్". నాకు - ఇరవై - ఏళ్ళు. మాటకి మాట! "నేను స్టూడెంట్‌ని" అనాలంటే "యా స్తుద్యెంత్". మధ్యలో "యామ్" లాంటిదేం ఉండదు, మనకీ ఉండదు. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్నదీ అంతే, వాళ్ళూ "నా దగ్గర ఉంది" అనే అంటారు, "ఐ హ్యావ్" అనరు. "ఎ", "ద" లాంటివి మనకీ లేవు, వాళ్ళకీ లేవు.

ఇక విభక్తులు. రష్యన్‌లో ఆరు విభక్తులున్నాయని ఇంగ్లీషు పుస్తకాలు మొదటి పేజీలోనే భయపెడతాయి. క్నీగ అంటే పుస్తకం, క్నీగు అంటే పుస్తకాన్ని. ఇందులో భయపడ్డానికేముంది? ప్రథమా విభక్తి దగ్గర్నించి బడిలో బట్టీ పట్టినవాళ్ళమే కదా మనం. మన ప్రత్యయాలు దేనికైనా ఒకేలా అతుక్కుంటాయి, వాళ్ళవి లింగాన్ని బట్టీ వచనాన్ని బట్టీ మారిపోతాయి, పైగా విశేషణం కూడా వాటితో పాటే మారాలి. అక్కడ కష్టమే. క్రియలు ఇంకా కష్టం. అయితే "చితాల్", "ప్రచితాల్" అని రెండు రకాల "చదివాడు"లు ఉంటే, ఇంగ్లీషువాడు తల పట్టుకుంటాడు గానీ, మనకి "చదివాడు", "చదివేశాడు" అన్న తేడా ఎంతో కొంత ముందే తెలుసు. రెండూ అచ్చంగా ఒకటి కాదు, కానీ పట్టుకోడానికి ఓ కొమ్మ దొరికినట్టే.

అమెరికా విదేశాంగ శాఖకి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఓ సంస్థ ఉంది. వాళ్ళ దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పిస్తుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి ఏ భాషకి ఎన్ని వారాలు పడుతుందో ఓ జాబితా పెట్టింది. స్పానిష్, ఫ్రెంచ్ తేలిక భాషల్లో ఉన్నాయి. కష్టమైనవాటి వరసలో, 44 వారాల లెక్కన, రష్యన్ ఉంది. అదే వరసలో తెలుగూ ఉంది! అంటే రష్యన్ కష్టమని మనం అంటున్నది అమెరికావాడి కష్టాన్ని అరువు తెచ్చుకుని. మన సొంత కష్టం ఎంతో మనమెప్పుడూ కొలవలేదు.

"ఇవన్నీ ఫోన్లో నేర్చేసుకోవచ్చు కదా, దానికి యూనివర్సిటీ ఎందుకు?" అంటారు. "అయినా ఇప్పుడు అనువాదం మిషనే చేసేస్తోందిగా" అని కూడా అంటారు. మనవాళ్ళయితే తప్పకుండా అంటారు, నేనూ అన్నాను. దానికి మా చెల్లి పుష్కిన్ కవిత ఒకటి తీసింది. 1828లో రాసింది, పేరు "త్యి ఇ వ్యి". అంటే "నువ్వు - మీరు". ఒకామె పొరపాటున అతన్ని మీరు అనబోయి నువ్వు అనేస్తుంది. ఆ ఒక్క మాటకి అతని ప్రాణం లేచొస్తుంది. పైకి మాత్రం మీరు అంటూనే, లోపల నువ్వు అనుకుంటాడు. కవితంతా ఇంతే.

దీన్ని ఇంగ్లీషులో పెట్టండి చూద్దాం. "యూ - యూ". అయిపోయింది :( అదే తెలుగులో ఎవరికీ ఒక్క ముక్క వివరించక్కర్లేదు. మన సినిమాల్లో సగం ప్రేమకథలు ఈ మీరు నించి నువ్వుకి మారే దగ్గరే కదా నిలబడేది! పేర్లూ అంతే. రష్యన్ నవలలో ఒకే మనిషిని పది రకాలుగా పిలుస్తున్నారని విసుక్కుని పక్కన పడేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పేరుకి తండ్రి పేరు కలిపి పిలిస్తే మన "గారు" లాంటి మర్యాద. అలెగ్జాండర్‌ని సాషా అంటే దగ్గరితనం. ఊళ్ళో వెంకటేశ్వర్లు గారు, ఇంట్లో వెంకీ అయినట్టు. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారన్నదాంట్లోనే కథ సగం ఉంటుంది. ఇది తెలీకుండా దోస్తోయెవ్‌స్కీని చదవడం, లాగ్ లెవెల్ ఆపేసి డీబగ్ చేసినట్టే.

మిషనయినా మనిషయినా ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వస్తే ఆ "యూ" దగ్గరే సరుకంతా దిగిపోతుంది. ఒకప్పుడు ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్ళు మాస్కోలో ఉండి మరీ అనువాదాలు చేశారు. ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణాలయాల నించి తెలుగు పుస్తకాలు మన ఊళ్ళ దాకా వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ దారీ మూసుకుపోయింది. ఆ ప్రచురణల వెనక రాజకీయం ఉంది, ప్రచారం ఉంది, కాదనను. కానీ రాజకీయం పోయాక భాష కూడా పోనక్కర్లేదు కదా? ఇప్పుడు ఆ దారి మళ్ళీ తెరవాలంటే రష్యన్‌ని శాస్త్రంగా చదివిన తెలుగువాళ్ళు కావాలి. ఉచ్చారణ సరిదిద్దే గురువు, సాహిత్యం, చరిత్ర, తప్పులు దిద్దించుకోడానికి ఏళ్ళకేళ్ళు. ఇవన్నీ ఫోన్లో రోజుకి పది నిమిషాలతో వచ్చేవి కావు. అలా వచ్చేస్తాయనడం, ఇరవై ఒక్క రోజుల జావా కోర్సు చేసి కంపైలర్ రాస్తాననడమే. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు కోసం పెట్టిన సంస్థ, 1972లో విదేశీ భాషల్ని కూడా కలుపుకుని సీఫెల్ అయ్యింది, 2007లో ఇఫ్లూగా కేంద్రీయ విశ్వవిద్యాలయం అయ్యింది. ఊళ్ళో అంత చదువు పెట్టుకుని, అటెళ్తామన్న పిల్లల్ని మనమే వెనక్కి లాగుతున్నాం.

ఇంకో చిన్న సంగతి. ఐఐటీ కోచింగ్‌లో ఇరొదొవ్ పుస్తకంతో కుస్తీ పట్టినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ పుస్తకం మీద "మీర్ పబ్లిషర్స్" అని ఉండేది. మీర్ అంటే రష్యన్‌లో ప్రపంచం అనీ, శాంతి అనీ రెండర్థాలుట. ఆ లెక్కలతో రెండేళ్ళు వేగినా, అట్ట మీది ఆ ఒక్క మాటకి అర్థమేంటని నాకు అనుమానం కూడా రాలేదు. మా చెల్లికి పన్నెండేళ్ళకే వచ్చింది. తేడా అక్కడుంది.

పుష్కిన్ కవితని తను తెలుగులోకి తెచ్చింది. డాబా మీద చదివి వినిపించింది. బావుందన్నాను. "రెండు చోట్ల నాకే నచ్చలేదన్నయ్యా. అడగడానికి ఎవరూ లేరు" అంది. నిష్ఠూరంగా అన్లేదు, మామూలుగానే అంది. ఆ అడగాల్సినవాళ్ళున్న చోటికి తనని వెళ్ళనివ్వంది నేనే. ఆ మాట పైకి అనడానికి నాకింకో గంట పట్టింది.

మా సీనియర్ గారికి మాత్రం క్యాంటీన్‌లోనే చెప్పేశాను. "సార్, స్కోపు సంగతి నాకు తెలీదు. 2019లో తెలుసనుకుని ఒకళ్ళకి చెప్పి తప్పు చేశా. మీ ఇంటికొస్తా, కానీ అమ్మాయికి కాదు, మీకు నచ్చజెప్పడానికి" అన్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, టీ కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం పింగ్ చేశారు: "ఆదివారం భోజనానికి రా. మీ చెల్లిని కూడా తీసుకురా."

వెళ్తున్నాం. ఈసారి నా దగ్గర గళ్ళ కాయితమేం లేదు. మాట్లాడాల్సింది మా చెల్లి. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. రష్యనే కానక్కర్లేదు, సంస్కృతమో, చరిత్రో, ఇంకోటో. మిమ్మల్ని సలహా అడిగితే మీరేం చెప్పారు? తర్వాత ఏమైంది?