ఆరోగ్య విషయములు: ఎలుకలమందు

పామాయిలు గెలలను కొఱుకు ఎలుకలు తోటకే గాక లైను ఇండ్లలోని బియ్యపు డబ్బాలకును శత్రువులు. వానిని చంపుటకై తెచ్చు నల్లని పొడిని తెలుగువారు ఎలుకలమందందురు. రోగము మాన్పుదానికిని, ప్రాణము తీయుదానికిని తెలుగులో మందన్న పేరొక్కటే యగుటచే పసివారు మోసపోవుట సులభము. ఈ పొడి అసలు పేరు జింకు ఫాస్ఫైడు.

తుత్తునాగమును, అనగా జింకును, భాస్వరముతో చేర్చి కాచినచో నిది పుట్టును. రంగు బూడిద కలసిన నలుపు. వాసన వెల్లుల్లిని బోలును. పొడిగా నున్నంతకాలము ఇది నెమ్మదిగానే యుండును. తేమ తగిలినచో మెల్లగాను, పులుపు తగిలినచో వేగముగాను ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. కడుపులో సహజముగా నుండు ఆమ్లమే యీ పనికి చాలును. ఎలుకకు వాంతిచేసికొను శక్తి లేదు గనుక తిన్నది బయటికి రాదు. మనుష్యునకు వాంతి యైనను ఆపద తొలగదు. ఆ వాంతినుండియు వాయువు వెలువడి దగ్గఱనున్నవారిని బాధించును.

అమ్మకపు పొడిలో సాధారణముగా నూటికి 80 పాళ్లు ఈ పదార్థముండును. ఆంధ్రదేశపు వరిచేలలో నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, పొడి 2 పాళ్లు కలుపుట వాడుక. హెచ్చుగా కలుపుటవలన లాభము లేదు. మొదట కొన్ని దినములు ఉత్త నూకలు పెట్టి అలవాటు చేయవలెను. కొంచెము తిని బ్రదికిన యెలుక మరల దాని జోలికి పోదు. ఆరుబయట, వాన లేని దినమున, చేతితొడుగులు వేసికొని కఱ్ఱతో కలుపవలెను. ఆ గిన్నె మరల వంటకు పనికిరాదు. ఉండలుగా జేసి గడపప్రక్కన పెట్టుట మిక్కిలి చెడ్డ అలవాటు. పాకుచుండు బిడ్డకు అది మిఠాయివలె కనబడును. మిగిలిన పొడిని పొడిచోట తాళము వేసి యుంచవలెను. అది అంటుకొన్నచో నీళ్లు పోయరాదు.

బిడ్డ దీనిని నోట బెట్టుకొన్నట్లు అనుమానము కలిగినచో, చింతపండు నీళ్లు, మజ్జిగ, నిమ్మరసము త్రాగింపరాదు. పులుపు విషమునకు తోడగును. వాంతి చేయింపనురాదు. కిటికీలు తెఱచి వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. మొదట బిడ్డ ఆడుకొనుచున్నను నమ్మరాదు, బాధలు ఆలస్యముగా బయటపడవచ్చును. దీనికి విఱుగుడు లేదు. వైద్యులు శ్వాసను, గుండెను కాపాడుచు చికిత్స చేయుదురు. పొట్లమును గూడ తీసికొనిపోవలెను. రక్తము గడ్డకట్టనీయని వేఱు విషములును ఎలుకలమందను పేరనే అమ్ముడగుచున్నవి. వానికి చికిత్స వేఱు.