ఇంటర్నేషనల్ లైసెన్సు చుట్టపుచూపుకే - కొలువుకు కాదు

జగిత్యాల : డ్రైవింగు నేర్చుకుని గల్ఫ్‌కు పోయి నాలుగు పైసలు సంపాదించాలని ఆశపడే యువకులు ఈ జిల్లా పల్లెల్లో తక్కువేమీ కాదు. “ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ లైసెన్సు తీసుకో, దుబాయిలో దిగగానే స్టీరింగు చేతికొస్తుంది” అని కొందరు ఏజెంట్లు నమ్మబలుకుతుంటారు. ఈ మాటలో సగమే నిజం వున్నది. చుట్టపుచూపుగా పోయేవారికి అది నిజం. కొలువుకు పోయేవారికి మాత్రం అది మోసం.

అసలు ఆ కాగితం ఏమిటి?

జనం ఇంటర్నేషనల్ లైసెన్సు అని పిలిచేది నిజానికి లైసెన్సే కాదు. ఇక్కడి లైసెన్సులోని వివరాలను విదేశీ పోలీసులకు తెలిసే భాషల్లో చూపే పర్మిట్టు మాత్రమే. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం మన దేశం దీనిని ఇస్తున్నది. దేశమంతటా ఒకే తీరులో బూడిదరంగు అట్టతో, క్యూఆర్ కోడ్‌తో చిన్న పుస్తకంగా ఇవ్వాలని కేంద్రం 2022 ఆగస్టులో నిర్ణయించింది. కేంద్ర నిబంధనల ప్రకారం రుసుం 1,000 రూపాయలు. గడువు ఒక ఏడాది. ఈలోగా అసలు లైసెన్సు గడువు తీరితే పర్మిట్టు కూడా అంతటితో చెల్లిపోతుంది. అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి ఈ పుస్తకం ఒక్కటే పట్టుకుపోతే ప్రయోజనం లేదు. పైగా అన్ని దేశాలూ దీనిని ఒప్పుకోవు. చైనాలో ఇది చెల్లనే చెల్లదు.

వీసాను బట్టే హక్కు

దుబాయిలో విజిట్ వీసా మీద వున్నవారు ఈ పర్మిట్టుతో కారు నడపవచ్చు. అయితే విజిట్ వీసా మీద కొలువు చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. కొలువు కుదిరి రెసిడెన్సు వీసా పడితే పర్మిట్టు పనికిరాదు. భారతీయులు అక్కడి డ్రైవింగు స్కూలులో చేరి, పరీక్ష నెగ్గి, అక్కడి లైసెన్సు తీసుకోవలసిందే. అందుకు వేల దిర్హమ్‌లు అవుతాయి. పరీక్ష తప్పితే మళ్ళీ క్లాసులు, మళ్ళీ ఫీజు. ఇక్కడ ఎడమవైపు నడపడం అలవాటైన చేతికి అక్కడి కుడివైపు రోడ్డు వెంటనే లొంగదు. సౌదీలో అకామా పొందినవారికి కూడా చివరకు స్థానిక లైసెన్సు తప్పదు.

ఈ ఖర్చు యజమాని భరిస్తాడా, జీతంలో కోస్తాడా అన్నది ఒప్పందంలో రాసి వుండాలి. అప్పు తెచ్చి పోయినవారికి తొలి నెలల జీతం లైసెన్సుకే పోతే ఇంటికి పంపేదేమీ వుండదు. వడ్డీ మాత్రం ఆగదు.

అద్దె కారు కావాలంటే

కొడుకునో బిడ్డనో చూడడానికి విజిట్ వీసాపై పోయేవారు అక్కడ కారు అద్దెకు తీసుకోవాలంటే పాస్‌పోర్టు, వీసా నకలు, ఇక్కడి అసలు లైసెన్సు, పర్మిట్టు చూపాలి. సాధారణంగా నడిపే మనిషి పేరనే క్రెడిట్ కార్డు అడుగుతారు. వయసు 21 ఏళ్ళు నిండాలి. పెద్ద కార్లకు అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. కార్డుపై కొంత సొమ్ము డిపాజిట్టుగా ఆపుతారు. కారు అప్పగించిన తర్వాత టోలు, జరిమానాల లెక్క తేలేదాకా, కొన్నిసార్లు వారాల తరబడి, ఆ సొమ్ము విడుదల కాదు. కారు తీసుకునేటప్పుడే గీతలు, సొట్టలకు ఫోటోలు తీసుకుంటే తర్వాత తగాదా వుండదు.

ప్రమాదం జరిగితే?

అసలు ముప్పు ఇక్కడే వున్నది. చెల్లని కాగితంతో బండి నడిపి ప్రమాదం చేస్తే, నష్టపరిహారం భారం బీమా కంపెనీ మీద గాక డ్రైవరు నెత్తినే పడవచ్చు. ఎదుటి మనిషి ప్రాణం పోతే ‘దియా’ అనే ప్రాణపరిహారం కట్టవలసి వస్తుంది. జైలు, దేశ బహిష్కారం భయం వేరే. “యజమాని నడపమన్నాడు” అన్న మాట కోర్టులో కాపాడదు.

కాబట్టి కొలువుకు పోయేవారు ఏజెంటును ముందుగా అడగవలసింది పర్మిట్టు గురించి కాదు. వీసా ఏ రకం, అక్కడి లైసెన్సు ఖర్చు ఎవరిది - ఈ రెండూ కాగితం మీద తేలిన తర్వాతే డబ్బు చేతికివ్వడం మంచిది. ఇక్కడి లైసెన్సు గడువును కూడా విమానం ఎక్కకముందే చూసుకోవాలి.